విశాఖ రేవులో పెద్దమ్మ ఎదురుచూపు

విశాఖ వెళితే రామకృష్ణా బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని చూసి, పిల్లలకు మురీ మిక్చర్ కొనిపెట్టి వచ్చేస్తాం కదండీ! ఈసారి వెళ్ళినప్పుడు కాసేపు దక్షిణంగా, డాల్ఫిన్స్ నోస్ వైపు చూడండి. మన వాళ్ళు యారాడ కొండ అంటారు. దాని పక్క సందులోంచే ఓడలు రేవులోకి వెళ్ళేది. 1933 అక్టోబరులో మొదట లోపలికొచ్చింది సింధియా కంపెనీ వారి 'జలదుర్గ'.

మా పెదనాన్నగారూ ఆ కంపెనీ ఓడల్లోనే పనిచేశారు. చదువు బొంబాయిలో, 'డఫరిన్' అనే శిక్షణ ఓడ మీద. తెల్లారకముందే డెక్కు కడగడం, రాత్రి గుడ్డ ఉయ్యాలలో పడుకోవడం. "అమ్మ చేత ఒక్కనాడు చెంబు కడిగించుకోని వాణ్ణి కాదు, అక్కడ ఓడంతా కడిగాను" అనేవారు.

యుద్ధం వచ్చింది. ఓడ పేరు, రేవు పేరు ఉత్తరంలో రాయకూడదు. 1942 జనవరి ఆఖరున ఆ కంపెనీవే 'జలతరంగ్', 'జలపాలక' బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గామి దెబ్బకు మునిగాయి. ఆయన ఉన్నది వేరే ఓడ. కానీ ఆ సంగతి పెద్దమ్మకెవరు చెబుతారు? ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదే బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పరుగెత్తింది. అత్తగారు బండి కట్టించినా పెద్దమ్మ ఎక్కలేదట.

"ఉత్తరం ఈ గుమ్మానికే వస్తుంది. నేను లేకపోతే ఎవరు తీసుకుంటారు?"

వీధిలో మిగిలింది తనూ, ఒక ముసలి పాలవాడూ. రాత్రి దీపానికి నల్లగుడ్డ చుట్టుకుని కూర్చునేది. వేసవి ముదిరింది, మామిడికాయలొచ్చాయి. ఒక్కర్తీ ముక్కలు కొట్టి, ఆవ దంచి, రెండు జాడీలు ఆవకాయ పెట్టింది. ఒకటి ఇంటికి, ఒకటి ఓడకి. (ఓడకిచ్చే దాంట్లో నూనె రెండంగుళాలు పైకి తేలాలి, లేకపోతే ఉప్పుగాలికి పాడవుతుంది అని మాకూ నేర్పింది.)

జ్యేష్ఠంలో ఉత్తరం వచ్చింది. సగం సెన్సారు వాళ్ళు కత్తిరించేశారు. మిగిలింది రెండే ముక్కలు: "క్షేమం. ఆవకాయ అయిపోయింది."

ఆ కత్తిరించిన చోట ఏముందని చాలా ఏళ్ళ తరవాత అడిగితే పెదనాన్నగారు నవ్వి, "ఏమో, మరిచిపోయాను" అన్నారు. పెద్దమ్మ నమ్మలేదు.

ఇప్పుడు ఆ రేవుకి ఉక్కు ఫ్యాక్టరీ కోసం బొగ్గు ఓడలొస్తున్నాయి. చీకటి పడ్డాక బీచ్ రోడ్డు మీద నిలబడితే, వంతు కోసం లంగరు వేసుకున్న ఓడల దీపాలు దూరంగా కనబడతాయి. చివరి రోజుల్లో కూడా పెద్దమ్మ వాటిని లెక్కపెట్టి గానీ ఇంటికొచ్చేది కాదు.