గాబు

మా పెదనాయిన మగ్గం గుంటలో కాళ్ళు దింపి కూర్చున్నాడంటే మధ్యాహ్నం బువ్వకు తప్ప లేచేవాడు కాదు. అమరచింతలో అది 2006 వేసవి. ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు జ్వరం దిగింది గాని కీళ్ళనొప్పులు దిగలేదు. మడమలు వాచి మగ్గం తొక్కలేకపోయాడు. సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది.

చదువుకున్నవాణ్ణి కనుక ఇంట్లో నా మాట చెల్లేది. వీధి మురుగుకాలువే అన్నిటికీ మూలమని తేల్చి, దగ్గరుండి తీయించాను. వాకిట్లోని గాబు జోలికి మాత్రం పోలేదు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని చోట నీళ్ళు ఎవరు పారబోస్తారు? పక్షం తిరగకుండానే పెద్దమ్మ కూడా మంచం పట్టింది.

చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టి దోమ మురుగులో కాక నిలవ ఉంచిన మంచినీళ్ళలో పెరుగుతుందనీ, పగటిపూటే కుడుతుందనీ తర్వాత చదివాను. గుంటలో గంటల తరబడి ఉండే ఆ కాళ్ళు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఈ వైరస్ మనకు కొత్తది కాదు. 1964-65లో విశాఖపట్నం, కాకినాడ ప్రాంతాలను పీడించింది. అయితే అప్పటిది ఆసియా జన్యురకం. 2005-06లో వచ్చింది తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా రకం. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి.

అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ వైరస్‌లో ఒక చిన్న మార్పు కనిపించింది. దాని పైపొరలోని ఇ1 ప్రొటీన్‌లో 226వ స్థానాన అలనిన్ పోయి వాలీన్ వచ్చింది. ఆ ఒక్క మార్పుతో అది ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే మరో జాతి దోమలో సులువుగా వృద్ధి చెందింది. ఆ దోమ విస్తారంగా ఉన్న కేరళలో 2007 నాటి వైరస్‌లోనూ ఇదే మార్పు కనిపించింది. ఒక దోమ కడుపులో అక్కరలేని మార్పు మరో దోమ కడుపులో వరమవుతుంది. వైరస్‌లోని వైవిధ్యాన్ని దోమల జాతులు కూడా ఇలా జల్లెడ పడుతుంటాయి.

ఇదంతా ఒకనాడు పెదనాయినకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఒక్క పోగు మారితేనే ఇంత పని జేసిందా?" అన్నాడు. కాసేపాగి, "మరి మనకొచ్చిన దాంట్ల గూడ ఆ పోగు మారిందా?" అని అడిగాడు.

లేదు. 2006లో మన రాష్ట్రంలో దొరికిన వైరస్‌లో ఆ మార్పు లేదు. దానికి ఆ అవసరమే రాలేదు. ఈజిప్టి దోమ ఉంది. ఆ దోమకు మా గాబు ఉంది.

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. మెల్లగా లేచి, నొప్పి కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, పాత గుడ్డొకటి తెచ్చి గాబు మూతికి బిగించి కట్టాడు.

ఇప్పటికీ ఊరికి వెళితే, చెప్పులు విడవకముందే నా కళ్ళు ఆ గాబు మీదికి పోతాయి.