డబ్బాల పేరంటం

2013 జులై 11
లిఫ్టులో పై ఫ్లోరు వదినగారు పట్టుకున్నారు. "శనివారం నాలుగింటికి మా ఇంట్లో టప్పర్‌వేర్ పార్టీ. మీరు తప్పకుండా రావాలి. కొనాలని ఏం లేదండీ, ఊరికే చూసి వెళ్దురుగాని."
ఊరికే చూడమన్నచోట ఎవరూ ఊరికే లేచి రారు. చీరలమ్మే ఇళ్లలో చూడలేదూ! నా వంటింట్లో ఒక కాఫీ గిన్నె, రెండు కంచాలు. రాత్రి భోజనానికి విద్యానగర్ కర్రీ పాయింటే దిక్కు. అయినా వస్తానన్నాను.

జులై 13, శనివారం
టీపాయ్ మీద డబ్బాలు బొమ్మల కొలువులా తీర్చారు. ముందు మిరపకాయ బజ్జీలు, తర్వాతే వ్యాపారం. బజ్జీ తిన్న నోటితో వద్దనడం కష్టమని ఆ వరస పెట్టినవాళ్లకి తెలుసు.
డెమో ఇచ్చే ఆవిడ గట్టి మనిషి. డబ్బా నిండా నీళ్లు పోసి, మూత వేసి, నడుమ బొటనవేలితో నొక్కి, అంచు రవ్వంత ఎత్తింది. లోపలి గాలి తుస్సుమంది. అంచు మళ్లీ మూసి, డబ్బాని వదినగారి కొత్త సోఫా మీద తలకిందులు చేసింది. చుక్క పడలేదు. వదినగారి మొహంలో మాత్రం కాసేపు నెత్తురు లేదు.
"ఆవకాయ పెట్టుకోవచ్చా?" అని ఎవరో అడిగారు. "వద్దక్కా, నూనె, పసుపు రంగు పట్టేస్తాయి. ఆవకాయకి జాడీయే." ఆ ఒక్క నిజం చెప్పాక ఆర్డర్లు జోరందుకున్నాయి.
నా వంతు వచ్చింది. "మీకు నెలకి కందిపప్పు ఎంత పడుతుందండీ?" నాకు తెలిసిన కొలత ఒక్కటే: పప్పు, పదిహేను రూపాయల కవరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అదే రాత్రి
కింది ఫ్లోరు బామ్మగారు ముందు వరసలో కూర్చుని ప్రతి మూతా తీసి, వేసి, చూశారు. ఏ పేరంటంలోనూ ఆవిడ నాకు కనబడలేదు. భర్త పోయినవాళ్లని పిలవరు. యాభై దాటినా పెళ్లి కాని నన్ను పిలవాలో వద్దో తేలక ఊరుకుంటారు. డబ్బాల పేరంటానికి అయిదోతనం అక్కర్లేదు, పర్సుంటే చాలు.

జులై 14
ఈ టప్పర్‌వేర్ పుట్టుక చదివాను. ఎర్ల్ టప్పర్ అనే అమెరికావాడు 1946లో ఈ గిన్నెలు అమ్మకానికి పెడితే షాపుల్లో కదల్లేదు. మూత ఎలా వేయాలో ఒకరు చేసి చూపాలి. చూపింది బ్రౌనీ వైజ్, భర్తతో విడిపోయి కొడుకుని పెంచుకుంటున్న మనిషి. ఆవిడ పార్టీలు చూసి 1951లో సరుకు షాపుల్లోంచే తీసేశారు. 1954లో 'బిజినెస్ వీక్' ముఖచిత్రానికెక్కిన మొదటి స్త్రీ ఆవిడే. 1958లో టప్పర్ ఆవిడని తీసేసి, అదే ఏడు కంపెనీ అమ్ముకున్నాడు. మన దేశానికి వచ్చింది 1996లో.
అది రాకముందు మనకి ఇలాంటి అమ్మకం లేదా ఏం? పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నె ఇచ్చే మనిషి గుమ్మంలో కూర్చుని చేసింది డెమో కాదా? ఆవిడకి బజ్జీలు మాత్రం ఎవరూ పెట్టలేదు.

జులై 27
ఆ రోజు నేనూ ఆర్డరిచ్చిన డబ్బా వచ్చింది. అమ్మకాన్ని బట్టి ఇంటావిడకి బహుమతి ఉంటుందట, వదినగారికి జగ్గు దక్కింది. మనం కొన్నది కంపెనీ దగ్గర కాదు, ఆవిడ దగ్గర. అందుకే బేరమాడలేకపోయాం.
సాయంత్రం డబ్బా పట్టుకుని కర్రీ పాయింటుకి వెళ్లాను. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గరిటె లెక్క అతనికి కుదరలేదు. మామూలుగా కవర్లో పోసి, దారం చుట్టి, ఆ మూటని డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

ఆగస్టు 16
వరలక్ష్మీ వ్రతం. పై ఫ్లోరు నుంచి బొట్టు పెట్టి పిలుస్తూ దిగారు. మా ఫ్లోర్లో నా తలుపు, గ్రౌండ్ ఫ్లోర్లో బామ్మగారి తలుపు దాటి వెళ్లారు.

2024 సెప్టెంబరు 19
టప్పర్‌వేర్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసిందని పేపర్లో. షాపులొద్దని వచ్చేసిన కంపెనీ 2022లో మళ్లీ అక్కడి టార్గెట్ షాపుల మెట్లెక్కింది. అప్పటికే ఆలస్యమైంది.
మా అపార్ట్‌మెంట్లో ఇప్పుడు డబ్బాలు ఫోన్లో కొంటున్నారు, కుర్రాడు గుమ్మంలో పెట్టి పోతాడు. బామ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడని ఇప్పుడు దేనికీ ఎవరూ పిలవడం లేదు.