ఇల్లు మేమే అమ్ముకున్నాం

2025లో ఎడిసన్‌లోని మా ఇంటిని ఏజెంటు లేకుండా మేమే అమ్ముకున్నాం. ఆరు లక్షల డాలర్లకి అయిదు శాతం కమీషనంటే 30 వేలు! కాగితాలన్నీ లాయరు చూశారు. ఇల్లు చూపించడం మా వంతు.

2021 సెప్టెంబరులో ఐడా తుఫానుకి మా బేస్‌మెంటులో మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. 2024 నుంచి న్యూజెర్సీలో వరద సంగతి అమ్మేవాళ్ళు రాసివ్వాలని చట్టం. రాయడం తేలికే. ఎదురుగా నిలబడి చెప్పడమే కష్టం, మధ్యలో ఏజెంటు లేడు కదా! గోడకి రంగు వేయించెయ్యమన్నారు కొందరు మిత్రులు. "రేపు గుళ్ళో ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాం?" అంది మా ఆవిడ.

వచ్చిన తెలుగు జంటకి ఆ మరక చూపించాను, తర్వాత పెట్టించిన పంపూ చూపించాను. 15 వేలు తగ్గించమన్నారు. తగ్గించాం.

తాళాలు తీసుకుంటూ ఆ అమ్మాయి, "పెద్ద వానొస్తే మీకే ఫోన్ చేస్తాం అన్నయ్యా" అంది.