గీజర్‌లో సున్నం, బావిలో ఉప్పు

పోర్ట్‌బ్లెయిర్‌లో ప్లంబర్ పని చేసేవాడికి సున్నం బెడద పెద్దగా ఉండదు. ఊరికొచ్చేది ధనికారి డ్యామ్‌లో నిలిచిన వాననీరు. సబ్బు చక్కగా నురగొస్తుంది. (2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ మా జంగ్లీఘాట్ తెలుగువాళ్ల నోట్లో పాతపేరే ఆడుతోంది.) పడవెక్కి నీల్ దీవిలో దిగితే అసలు పని మొదలవుతుంది. అక్కడ నేలలో పగడపు సున్నపురాయి. బావినీరు దాన్ని కరిగించుకునే ఊరుతుంది. గీజర్ విప్పితే ఎలిమెంట్ కనపడదు, తెల్లటి పెంకే. స్క్రూడ్రైవర్‌తో తడితే పెచ్చులూడుతుంది. ఆ పెచ్చు మీద నిమ్మరసం పిండుతాను. బుడగలొస్తే సున్నమే.

"బాబూ, నీళ్లు ఉప్పగా ఉన్నాయి, సాఫ్ట్‌నర్ పెట్టేయ్" అంటుంటారు. ఉప్పదనం వేరమ్మా, సున్నం వేరు అని అప్పుడు చెప్పాల్సిందే. సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులు సోడియం వదులుతాయి. వాటి బలం తగ్గాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనిలోకొస్తాయి. ఉప్పు తీసే యంత్రం కాదది. అందుకే టీడీఎస్ మీటర్ చూపించి సాఫ్ట్‌నర్ అంటగట్టేవాణ్ణి నమ్మొద్దు. సాఫ్ట్‌నర్ పెట్టినా ఆ అంకె దాదాపు కదలదు. చుక్కల కిట్‌తో చూడాలి: ఎర్రటి నీరు నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెడితే కాఠిన్యం తెలుస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 600 దాకా.

ఉప్పు సంగతి మరొకటి. చిన్న దీవుల్లో మంచినీరు భూమిలో సముద్రపు నీటి మీద పొరగా తేలుతుంటుంది. వానలు తగ్గే జనవరి–ఏప్రిల్ నెలల్లో మోటారు ఆపకుండా తోడితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. దానికి ఆర్వో కావాలి, మోటారుకి విశ్రాంతీ కావాలి. సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీళ్లను బావి పక్కనే వదిలేవాళ్లనీ చూశాను. తమ బావిని తామే చెడగొట్టుకోవడం!

ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటిది. వంద చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 3 లక్షల లీటర్లు పడతాయి. సున్నం లేదు, ఉప్పు లేదు. తొలివాన నీళ్లు బయటికి వదిలేసి మిగతాది గట్టర్ పైపుతో ట్యాంకుకి మళ్లించండి. సాఫ్ట్‌నర్ సోడియం వదులుతుంది కాబట్టి, బీపీ ఉన్నవాళ్లింట్లో వంటింటి కుళాయికి దాని లైన్ కలపకండి. గట్టర్ పైపు వేసుకున్నాక కూడా గీజర్‌లో పెచ్చు కడుతుంటే అప్పుడు పిలవండి, సాఫ్ట్‌నర్ గురించి మాట్లాడదాం.