సారుకు ఫోన్ చెయ్యున్రి

మే నెలలో ఓ మధ్యాహ్నం నిజాం కాలేజీలో సెమినార్ ముగించుకుని వస్తుంటే, బషీర్‌బాగ్ చౌరస్తా దగ్గర కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. 2003లో నాన్న కొన్న మారుతి 800 అది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేసింది. పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను.

2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపుని వ్యతిరేకించిన వాళ్లమీద పోలీసులు కాల్పులు జరిపింది బషీర్‌బాగ్‌లోనే. వాళ్లని తలుచుకునే సభలకి వచ్చి అక్కడ చాలాసార్లు నిలబడ్డాను. అయితే పదిమందితో కలిసి నినాదాలిస్తూ నిలబడడం వేరు, ఆవిరి చిమ్ముతున్న కారు పక్కన ఒంటరిగా నిలబడడం వేరు. ఆ గంటసేపూ ఎంతమంది ఎన్నిరకాలుగా చూశారో!

వచ్చిన మెకానిక్ ఒక్క చూపు చూసి, "పైపు పలిగింది. సారుకు ఫోన్ చెయ్యున్రి మేడం, మాట్లాడ్త" అన్నాడు. సారు ఎవరూ లేరు, నాతోనే చెప్పమన్నాను. "మీకు సమజ్ గాదు మేడం" అని నవ్వాడు. కోపం వచ్చింది. కానీ ఆ రోజుకి అతను అన్నది నిజమే కావడం అంతకన్నా ఎక్కువ బాధించింది. స్త్రీవిద్య మీద జరిగిన చర్చల గురించి థీసిస్ రాశాను. ఆడవాళ్లు ఏం చదవాలి, ఎంత చదవాలి అని మగవాళ్లు గీసిన గీతల్ని పేజీలకొద్దీ విమర్శించాను. నా సొంత కారు బానెట్ దగ్గర కూడా అలాంటి గీతే ఉందని మాత్రం గమనించలేదు.

ఆ గీత ఎప్పుడు పడిందో నాకు తెలుసు. ఆదివారాలు నాన్న బానెట్ ఎత్తి, "రారా, చూద్దువుగాని" అని అన్నయ్యని పిలిచేవాడు. నాకేమో "అమ్మకి సాయం చెయ్యమ్మా" అని చెప్పేవాడు. ఎంతో ప్రేమగానే అనేవాడు.

కారుని ఇంటికి లాగించుకొచ్చాను. మర్నాడు పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపులో కొత్త గొట్టం, రెండు క్లిప్పులు, కూలెంట్ కొన్నాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తీశాను. కింద టబ్బు పెట్టి, ఉన్న నీళ్లన్నీ వంపేశాను. పాత గొట్టం అంటుకుపోయి ఊడిరాలేదు. మెలితిప్పితే రేడియేటర్ మూతి విరుగుతుందని, చాకుతో నిలువునా చీల్చి ఊడదీశాను. అమ్మ ఆ ముక్కని వేళ్లతో నొక్కి చూసి, "కుక్కర్ రబ్బరులాగే బిగుసుకుపోయిందే" అంది.

నేను ఆగిపోయాను. అవును కదా! రేడియేటర్ మూత కూడా కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. లోపల ఒత్తిడిని నిలిపి, నీళ్లు 100 డిగ్రీలకే మరిగిపోకుండా చూస్తుంది. వేడి మీద మూత తియ్యకూడదనీ, రబ్బరు బిగుసుకుంటే మార్చెయ్యాలనీ అమ్మకి ఎవరూ నేర్పలేదు. నలభై ఏళ్లుగా చేతులతో తెలుసుకుంది. అదే జ్ఞానం వంటింట్లో ఉంటే పని, షెడ్డులో ఉంటే సాంకేతికత!

చరిత్రలోనూ ఇదే వరస. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా కారు నడిపింది. మూసుకుపోయిన ఇంధనం గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. ఇంజన్ చల్లబడడానికి దారిపొడవునా నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. కారు మాత్రం భర్త పేరుతోనే మిగిలింది. మన కొత్తగూడెం దగ్గర లారీలకి టైర్లు మార్చే ఆదిలక్ష్మిని పత్రికలు అబ్బురంగా చూపించాయి. ఎందుకు అబ్బురమో ఎవరూ అడగలేదు.

అయితే నా చేతులకి అంటిన నూనెని గొప్పగా చెప్పుకోలేను. పదేళ్ల వయసు నుంచీ కాలిన చేతులతో నేర్చుకున్న ఆ మెకానిక్ జ్ఞానం కూడా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. నాది ఒక ఆదివారం సంగతి, అతనిది బతుకు. "సమజ్ గాదు" అనే మాట అతను కూడా ఎన్నోచోట్ల విని ఉంటాడు.

మూతి చుట్టూ పేరుకున్న తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, కొత్త గొట్టం ఎక్కించి, క్లిప్పులు బిగించాను. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాను. గాలి బుడగలు ఆగేదాకా మూత పెట్టకుండా ఇంజన్ నడిపాను. పాత నీళ్లు తియ్యగా ఉంటాయి, కానీ విషం. వీధి కుక్కలు తాగకుండా డబ్బాలో పోసి మూత బిగించాను.

అన్నయ్యకి ఫోన్ చేసి చెబితే, "ఎందుకైనా మంచిది, ఓసారి మెకానిక్‌కి చూపించు" అన్నాడు.

అమ్మ టార్చి ఆర్పుతూ నెమ్మదిగా అంది, "మీ నాన్న బానెట్ ఎత్తినప్పుడల్లా నాకూ చూడాలనిపించేదే. ఎవరూ పిలవలేదు."

నాన్నంటే నాకు ప్రాణం. అయినా ఆ ఆదివారాలు మా ఇద్దరికీ ఆయన ఇంకా బాకీయే.