మైపాడు తీరమున ఓనమాలు

నెల్లూరునుండి తూర్పుగా మైపాడు సముద్రతీరమునకు మేము పోయితిమి. పట్టణపు బిడ్డ బడికి పోవుటకు మునుపే అంగళ్ల పేరుపలకలమీదను, వార్తాపత్రికలోను అక్షరములను నిత్యము చూచును. ఇచటి పట్టపుపాలెములలో బిడ్డలకు చేపల పేర్లు కంఠస్థములే; అచ్చుకాగితము మాత్రము అపురూపము. ఇది బుద్ధిలోపము గాదు, పరిచయలోపము.

1975లో మొదలైన అంగన్‌వాడీలు ఆటపాటలతో ఈ కొఱతను కొంత తీర్చుచున్నవి. తక్కినది ఇంట జరుగవలెను. పూర్వము వీధిబడులలో ఇసుకలోనే గదా ఓనమాలు దిద్దించిరి! ఇచట ఆ పలక వాకిటనే యున్నది. పడవలమీది పేర్లే తొలి వాచకము.

చదువురాని తల్లి యేమి చేయగలదందురా? ఈ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు వయోజనవిద్యా వాచకములోని పాఠముచే మేల్కొని 1992లో సారాయంగడిని మూయించిరి. తల్లియు బిడ్డతో కూడ దిద్దవచ్చును. సోదరీమణులారా, మన యిండ్ల మూలబడియున్న బొమ్మల పుస్తకములను ఆ పాలెములకు పంపుదము.