మబ్బు పైన ఎండెంత?

డాబా మీద వడియాలు ఆరబెట్టిన ఇల్లాలికి మబ్బు కనిపిస్తే గాభరా. ఎండ తగ్గిపోతుందని! నిజమే, మబ్బు కింద ఎండ తగ్గుతుంది. మరి అదే మబ్బుకు పైన? అక్కడ వెలుగు తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులు ఎంతెంతో తేల్చడానికి ఓ విమానం మహాసముద్రాల మీదుగా భూగోళాన్ని చుట్టి వచ్చింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు!

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2016 నుంచి 2018 దాకా నడిపిన ఆ యాత్ర పేరు 'ఏటామ్'. నాలుగు ఇంజిన్ల పాత డీసీ-8 విమానంలో సీట్లు చాలావరకు తీసేసి, ఇరవైకి పైగా పరికరాలు అమర్చారు. కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో బయల్దేరి, అలాస్కా మంచుకొండల్ని చూసి, పసిఫిక్ మీదుగా న్యూజిలాండ్ దాకా దిగేవారు. అక్కడి నుంచి చిలీ దక్షిణపు కొసన ఉన్న పుంటా అరేనాస్‌కు. ఆపైన అట్లాంటిక్ నడుమ ఒంటరిగా నిలిచిన అసెన్షన్ దీవి, అజోర్స్ దీవులు, గ్రీన్‌లాండ్... మళ్లీ ఇంటికి. ఒక్కో రుతువులో ఒక్కో ప్రదక్షిణ.

ప్రయాణం మాత్రం విలాసం కాదు. విమానం అలలకు 200 మీటర్ల ఎత్తుదాకా దిగడం, మళ్లీ 12 కిలోమీటర్ల పైకి ఎగబాకడం... గంటల తరబడి ఇదే వరస. మబ్బు కింద, మబ్బు లోపల, మబ్బు పైన వెలుగు కొలవాలంటే మరి తప్పదు!

ఇంత శ్రమ దేనికంటే... గాలిని శుభ్రం చేసేది సూర్యకాంతే. అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను విడగొడతాయి. అలా వచ్చిన ఆక్సిజన్ పరమాణువుల్లో కొన్ని నీటి ఆవిరితో కలిసి 'హైడ్రాక్సిల్' అవుతాయి. దాని ఆయుష్షు మహా అయితే ఓ సెకను. ఆ కాస్త సమయంలోనే కాలుష్య వాయువుల పని పడుతుంది. వరి పొలాలు, పశువులు, చెత్తకుప్పల నుంచి వెలువడే మీథేన్‌ను గాల్లోంచి తొలగించేదీ ప్రధానంగా ఇదే. అందుకే భూమిని వేడెక్కించే ఆ వాయువు శతాబ్దాలపాటు కాక, సుమారు పదేళ్లే గాల్లో నిలుస్తోంది. అంటే వెలుగు లెక్క తప్పితే మీథేన్ లెక్కా తప్పినట్టే.

సున్నం కొట్టిన తెల్లగోడ దగ్గర ఎండకు కళ్లు చెదురుతాయి కదా! మబ్బు పైభాగమూ అంతే. వచ్చిన వెలుగును తిప్పికొడుతుంది. గాల్లోని అణువుకు కాంతి ఏ దిక్కునుంచి వచ్చినా ఒకటే. అందుకే విమానం వీపు మీద ఒకటి, పొట్ట కింద ఒకటి గాజు బుడిపెలు బిగించారు. పైనుంచి పడే వెలుగునూ, కిందినుంచి ఎగసే వెలుగునూ అవి అన్ని కోణాల్లోంచీ పట్టుకుంటాయి. విమానం సాగిన దారిపొడవునా మూడు సెకన్లకో లెక్క నమోదైంది!

2016 జులై 29 నుంచి ఆగస్టు 23 వరకు సాగిన తొలి విడతలోని పసిఫిక్ లెక్కల్ని, తొమ్మిది కంప్యూటర్ నమూనాల అంచనాలతో పోల్చి చూశారు. తీరా చూస్తే నమూనాలు రెండు జట్లుగా చీలిపోయాయి. కొన్ని మబ్బుల ప్రభావం చాలా ఎక్కువన్నాయి. మిగతావి, మబ్బులున్నా లేనట్టే లెక్కగట్టాయి. విమానం తెచ్చిన కొలతలు మొదటి జట్టువైపే మొగ్గాయి. అయితే వాటిలో ఏది సరైనదో తేల్చేంత పక్కాగా మాత్రం లేవు. నమూనాలు 50 నుంచి 200 కిలోమీటర్ల గడిని ఒకే ముక్కగా చూస్తాయి. విమానానికి కనిపించేదేమో చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల ఆకాశమే. చిక్కంతా అక్కడే!

ఆ డీసీ-8 ఇప్పుడు ఎగరడం లేదు. 2024 మేలో ఇడాహో రాష్ట్రంలోని పొకటెల్లోలో చివరిసారి దిగింది. అక్కడి యూనివర్సిటీలో, విమానాల మరమ్మతు నేర్చుకునే విద్యార్థులకు అదే పాఠం. అది మోసుకొచ్చిన వెలుగు లెక్కలు మాత్రం శాస్త్రవేత్తల చేతుల్లో ఉన్నాయి. మబ్బుల చిక్కు ఇంకా విడాల్సే ఉంది.